మిల్లు బ్రేకరుకు కట్టిన కంకణం

మా మిల్లులో మేనేజరు ముఖం మీద "కుదరదు" అనగలిగిన ఘటం ఒక్కటే ఉండేది. అది మనిషి కాదు. స్విచ్ రూములో గోడకు ఆనించి నిలబెట్టిన ఇనుప పెట్టె. కడుపు నిండా నూనె పోసుకుని, ముందు ఒక పిడి, నెత్తిన కరెంటును కొలిచే అమ్మీటరు పెట్టుకుని, ఏళ్ళ తరబడి నోరు విప్పకుండా నిలబడి ఉండేది. దాని పేరు బ్రేకర్. కరెంటు తన హద్దులో నడిచినన్నాళ్ళూ అదొకటి ఉందని కూడా ఎవరికీ తెలియదు. హద్దు దాటిందా, దభీమని పడిపోయి దారి తెంచేసేది. ఆ తర్వాత మేనేజరు వచ్చి బతిమాలినా, మిల్లు యజమాని, అంటే మా ముదలాళి, కోయంబత్తూరు నుంచి ట్రంక్ కాల్ చేసినా, అసలు తప్పు తొలగేదాకా మళ్ళీ నిలబడేది కాదు.

యాభైల నడిమి సంవత్సరాల మాట. మిల్లు మద్రాసులో తొండియార్‌పేట దాటాక, హార్బరు గాలి ఉప్పగా కొట్టే చోట ఉండేది. నూలు వడికే మిల్లు. పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు అక్కడ మిల్లూ లేదు, అవమానపడేందుకు మేనేజరూ లేడు. నేను డిప్లొమా చేతబట్టుకుని స్విచ్ రూముకు అసిస్టెంటుగా చేరాను. చేరిన నాడు చూద్దును కదా, బ్రేకర్ల మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. వెచ్చగా ఉంటుందని ఎవరో టిఫిన్ క్యారియర్లు వరసగా పేర్చారు. ఫోర్‌మన్ తన గొడుగును మెయిన్ బ్రేకర్ పిడికి తగిలించాడు. ఆ గదిని ఎవరైనా గౌరవించేవారంటే మేనేజరు ఒక్కడే. బయటినుంచి ఎవరు వచ్చినా తీసుకొచ్చి, "దిస్ ఈజ్ అవర్ పవర్" అని బ్రేకరును ఎద్దును తట్టినట్టు తట్టేవాడు. అది ఏం చేస్తుందని అడిగినవాడికి మాత్రం తొందరగా కాఫీ తెప్పించేవాడు.

మన జనానికి కరెంటంటే బల్బు. నాలుగు అక్షరాలు చదివినవాడికి ఆనకట్ట. ఆ రెంటి మధ్య ఏముందో ఎవరికీ పట్టదు. పవర్ హౌస్ నుంచి బయల్దేరిన కరెంటు వీధులు దాటి, సబ్ స్టేషన్లు దాటి మన గడప తొక్కేలోపల ఎక్కడైనా చెడవచ్చు. తీగ తెగి రోడ్డు మీద పడవచ్చు, మోటారు బిగుసుకుపోవచ్చు, కేబుల్ తొడుగు చివికిపోవచ్చు. చెడిన ఆ ముక్కను మిగతా ఒంటినుంచి తక్షణం విడదీయాలి. ఫ్యూజులు, స్విచ్చులు, బ్రేకర్లు, వాటికి కనుసైగ చేసే రిలేలు, ఈ సరంజామా అంతటినీ కలిపి స్విచ్ గేర్ అంటారు. దానికొక మర్యాద ఉంది. తప్పుకు అందరికంటే దగ్గరున్న బ్రేకర్ ముందు పడాలి. అది పడకపోతే దాని పైది పడుతుంది. అదీ మొండికేస్తే వీధి సబ్ స్టేషన్‌లోది పడి పేటంతా చీకట్లో కూర్చుంటుంది. కాబట్టి చిన్న బ్రేకర్ సమయానికి పడటమే పెద్దవాటికి రక్ష. ఆఫీసుల్లో ఈ మర్యాద తలకిందులుగా ఉంటుంది. అక్కడ తప్పు పైన జరుగుతుంది, పడేది కిందివాడు.

నా ఉద్యోగం అప్పటికి ప్రొబేషన్. దసరా వెళ్ళగానే మేనేజరు సంతకం పెడితే పర్మనెంటు, పెట్టకపోతే ఇంటికి. ఆ సంతకం మీద నా జీతమే కాదు, నా పెళ్ళి కూడా వేలాడుతూ ఉంది. మిల్లులో హెడ్ క్లర్కుగా ఉన్నాయన నాకు దూరపు చుట్టరికాన మామ. తాతల కాలం నుంచి పురసవాక్కంలో స్థిరపడిన కుటుంబం. వాళ్ళమ్మాయిని నాకిస్తే బాగుంటుందని రెండు వైపులా అనుకున్నారు, మేమిద్దరం అంతకంటే గట్టిగా అనుకున్నాం. మామ మాత్రం ఒకే మాట మీద ఉన్నాడు. "పర్మనెంటు కానీ అల్లుడూ, ఆ మర్నాడే లగ్నం పెట్టేద్దాం." ఇంట్లో నన్ను అల్లుడూ అనేవాడు. మిల్లులో అదే నోటితో "ఏం మిస్టర్" అనేవాడు. గేటు దాటితే చుట్టరికం మారిపోయే మనుషుల్ని నేను అక్కడే మొదట చూశాను.

ఆదివారాలు పురసవాక్కం వెళ్ళేవాణ్ణి. మామ పేపరు చదువుతుంటే ఆ అమ్మాయి కాఫీ లోటా తెచ్చి పెట్టేది. ఒకసారి ఆయన పెరట్లోకి వెళ్ళినప్పుడు, "ఆడ మీరు చేసే పని ఏంది? నాయననడిగితే కరెంటు పనంటాడు, ఇంకేం తెలీదు" అంది. నాకు దొరికిందే సందని బ్రేకర్ గురించి మొదలుపెట్టి, కాఫీ చల్లారేదాకా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అంటే తప్పు జరగతా ఉంటే వద్దని చెప్పేదా?" అంది. అంతేనన్నాను. తలుపు వైపు ఒకసారి చూసి, "మా ఇంట్లో ఒకటి పెడితే దినానికి ఎన్ని తడవలు పడతాదో" అని లోటా తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఆ రోజు బస్సు దిగాల్సిన చోట దిగకుండా ముందుకు వెళ్ళిపోయాను.

ఇక ఆ ఏటి ఆయుధపూజ. అంతకు ముందు ఏడు పూజకు ముదలాళి వచ్చి మైకు ముందు నిలబడి "మన మిల్లు క్రమశిక్షణకు" అనగానే బ్రేకర్ పడి, మైకు పోయి, ఫ్యాన్లు ఆగి, ఆ వాక్యం అక్కడే నిలిచిపోయిందట. దీపాల తోరణాలన్నీ ఒక్క లైను మీదే వేలాడదీస్తే ఏమవుతుంది మరి. మేనేజరు ఆ అవమానాన్ని ఏడాది పొడుగునా మోశాడు. ఈసారి కొత్త షెడ్డు ప్రారంభం కూడా కలిసొచ్చింది. గోడల నిండా సున్నం, కొత్త వడుకు యంత్రాలు, కిటికీలు మాత్రం పైన ఎక్కడో. పాత షెడ్డుకు వేసిన కేబులునే అతుకు వేసి కొత్త షెడ్డుదాకా లాగారు. కొత్త కేబుల్ కావాలని నేను రాసిస్తే మేనేజరు, "పాతదానికేం, అది కూడా రాగే కదా" అన్నాడు. రాగి విషయంలో ఆయనతో వాదించడానికి నా డిప్లొమా చాల్లేదు.

కార్యక్రమం ఇలా కుదిరింది. ముదలాళి వేదిక మీద బటన్ నొక్కుతాడు. నొక్కగానే షెడ్డులోని యంత్రాలన్నీ ఒక్కసారిగా కదలాలి. నిజానికి ఆ బటన్‌కు తగిలించింది ఒక గంట. గంట మోగగానే ఒక్కో యంత్రం దగ్గర నిలబడ్డ మనిషి తన స్టార్టర్ పిడి లాగుతాడు. ముదలాళికి ఈ సంగతి తెలియదు, తెలియజేయరు కూడా. ముందురోజు రిహార్సల్ జరిగింది. గంట మోగింది, పిడులు లాగారు, యంత్రాలు ఒళ్ళు విరుచుకోబోయాయి, స్విచ్ రూములో దభీమని చప్పుడు. మళ్ళీ చేశారు, మళ్ళీ పడింది.

మేనేజరు స్విచ్ రూముకు వచ్చాడు. "వాట్ ఈజ్ దిస్? ఎందుకు పడతావుంది ఇది?"

"మోటారు మొదలయ్యేటప్పుడు తిరిగేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది సార్. అన్నీ ఒకేసారి లాగితే ఈ కేబుల్ మోయలేదు. మోయలేదని బ్రేకరుకు తెలుసు, అందుకే పడుతోంది. ఒకటి తర్వాత ఒకటి, మధ్యలో కాస్త ఊపిరి తీసుకునేంత వ్యవధి ఇస్తే అన్నీ తిరుగుతాయి."

"ఒకటి తర్వాత ఒకటా? ముదలాళి నొక్కితే సగం మిషన్లు నిద్రలో ఉన్నట్టు ఉండదా? డిసిప్లిన్ అనుకుంటాడా ఆయన, ఇంకేమైనా అనుకుంటాడా?" అని బ్రేకర్ వైపు తిరిగి, నిజంగానే కోపంతో, "అసలు దీనికి ఆ అథారిటీ ఎవరిచ్చారు?" అన్నాడు.

ఆ ప్రశ్న నేను ఇన్నేళ్ళలో మరిచిపోలేదు. అథారిటీ ఇవ్వనిదే ఊపిరి కూడా పీల్చని లోకంలో పెరిగిన మనిషికి, ఒక ఇనుప పెట్టె తనంతట తాను వద్దనడం ఎంత అన్యాయంగా కనిపించి ఉంటుంది! ఫోర్‌మన్ అప్పుడే తన వంతు సేవగా, "మోటార్ల ఫీజులన్నీ లావు తీగతో కట్టేసినా సార్, అవి మద్దిలో పోవు" అని చెప్పుకున్నాడు. ఫ్యూజు పోవడానికే ఉంటుందని నేనంటే, శకునం తెలియనివాణ్ణి చూసినట్టు చూశాడు.

ఉపాయం చెప్పింది మామ. చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి, "సార్, రేపు ఎట్టాగూ అయ్యవారు ఆయుధాలకంతా కంకణం కడతాడు. దీనికి కూడా కట్టించేద్దాం. పడే దాన్ని కలిపి కట్టేస్తే సెరి. సామి రక్ష కదా, ఎవురూ ఏమీ అనేదానికి లేదు" అన్నాడు. మేనేజరు ముఖం వెలిగింది. ఆ మిల్లులో ఆ వారంలో సక్రమంగా వెలిగింది అదొక్కటే.

ఇక్కడ ఒక చిన్న వివరం చెప్పకపోతే తర్వాత జరిగింది బోధపడదు. బ్రేకర్ ముందు భాగంలో, మోకాలి ఎత్తున, బొటనవేలంత లావు కడ్డీ ఒకటి ఉంటుంది. కరెంటు హద్దు దాటితే లోపలి కాయిల్ ఒక ముల్లును పైకి తంతుంది, ఆ ముల్లు కడ్డీని తంతుంది, కడ్డీ లేస్తే కొక్కెం ఊడుతుంది, స్ప్రింగు మిగతాది చూసుకుంటుంది. చేత్తో ఆపే మీట కూడా ఆ కడ్డీనే లేపుతుంది. అంటే కడ్డీని చట్రానికి కలిపి కట్టేస్తే బ్రేకర్ పడలేదు, పడేయనూ లేము. మనిషి రెండు చేతులూ కట్టి కాపలాకు నిలబెట్టినట్టే.

పూజ రోజు మధ్యాహ్నానికే మిల్లు గేటుకు అరటి చెట్లు కట్టారు. స్పానర్లు, కటింగ్ ప్లేయర్లు, స్క్రూ డ్రైవర్లు, రంపాలు, ఆఖరికి క్యాంటీన్ కత్తిపీటతో సహా పాత షెడ్డులో అమ్మవారి పటం ముందు వరసగా పేర్చి, గంధం పూసి కుంకుమ పెట్టారు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పునఃపూజ అయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు. అదే రోజు యంత్రాలు మాత్రం ఎలా తిరగవచ్చునని నేను అమాయకంగా అడిగాను. "ముదలాళి నొక్కేది ప్రారంభోత్సవం మిస్టర్, అది పని కాదు" అన్నాడు మామ. ఆయన దగ్గర ప్రతిదానికీ ఒక శాస్త్రం ఉండేది.

పురోహితుడు స్విచ్ రూముకు వచ్చాడు. కంకణానికి మామూలు దారం కాదు, మా మిల్లు నూలే, అందులోనూ లావైన రకం. పేటలు పేటలుగా పేని, పసుపులో నానబెట్టి, మధ్యలో పసుపు కొమ్ము కట్టారు. మా నూలు తెగదని సంచుల మీద అచ్చువేసి అమ్మేవాళ్ళం. పురోహితుడు మంత్రం చదువుతూ ప్రతి బ్రేకర్ కడ్డీకీ చట్రానికీ కలిపి బిగించాడు. ముడి సరిగా పడిందో లేదో ఫోర్‌మన్ లాగి చూశాడు.

"సార్, ఇది ప్రమాదం. ఏదైనా జరిగితే ఆపేదానికి ఏమీ ఉండదు" అన్నాను మేనేజరుతో, అందరూ వింటుండగానే.

మేనేజరు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "దేవుడి మీద నమ్మకం లేదా నీకు?" అన్నాడు. స్విచ్ గేర్ మీద చర్చ అక్కడితో ముగిసింది.

బయటికి వస్తుంటే మామ నా మోచేయి పట్టుకుని పక్కకు లాగాడు. "ఎల్లుండి సంతకం పెడతానన్నాడు. ఈ ఒక్క పూట నోరు మూసుకోనుండు అల్లుడూ. నీ కోసరం కాదు, పిల్ల కోసరం." మిల్లులో ఆయన నన్ను అల్లుడూ అని పిలవడం అదే మొదటిసారి. నాకు ఒళ్ళు మండింది. అయినా స్విచ్ రూములోకి వెళ్ళి, నోరు మూసుకుని నిలబడ్డాను.

సాయంత్రం కుటుంబాలన్నీ వచ్చాయి. కొత్త షెడ్డులో మగవాళ్ళకు బెంచీలు వేశారు. ఆడవాళ్ళకు గోడవారగా, కేబుల్ కాలువ మీద మూసిన ఇనుప పలకల పైన చాపలు పరిచారు. చల్లగా ఉంటుందని. యంత్రాలన్నిటికీ పూలమాలలు, చక్రాలకు కూడా వదల్లేదు. స్విచ్ రూము తలుపు షెడ్డులోకే తెరుచుకుంటుంది కాబట్టి నాకు అంతా కనిపిస్తూ ఉంది. మామ కుటుంబం చాపల మీద కూర్చుంది. ఆ అమ్మాయి బొరుగుల పొట్లం విప్పుతూ ఒకసారి నా వైపు చూసింది.

ముదలాళి బటన్ నొక్కాడు. గంట మోగింది. పిడులన్నీ ఒక్కసారిగా లాగారు. అమ్మీటర్ ముల్లు ఒక్క దూకుతో చివరికి వెళ్ళి తగులుకుంది. నా పక్కనున్న కొత్త షెడ్డు బ్రేకర్ కడ్డీ కంకణం కింద టకటకా కొట్టుకుంది, లేవలేకపోయింది. యంత్రాలు తిరిగాయి. చప్పట్లు. ముదలాళి మైకు ముందుకు వచ్చి నిరుడు ఆగిపోయిన వాక్యాన్ని అక్కడి నుంచే అందుకున్నాడు.

మోటార్లు వేగం అందుకున్నాక ముల్లు వెనక్కి రావాలి. కొంచెం వచ్చింది, మళ్ళీ చివరికి పోయి అక్కడే అతుక్కుంది. తొంగి చూస్తే వరసలో చివరి యంత్రం తిరగడం లేదు. మెడలో వేసిన బంతిపూల దండ బెల్టుకూ చక్రానికీ మధ్య చిక్కి ముద్దయిపోయింది. మోటారు కదల్లేక మూలుగుతూ ఉంది. కదలని మోటారు తాగినంత కరెంటు ఇంకేదీ తాగదు. దాని ముందున్న కార్మికుడికి అది తెలుస్తూనే ఉంది, కానీ ఆపమని చెప్పేదాకా పిడి ముట్టవద్దన్నారు. అతను నిలువుగుడ్లేసుకుని ముదలాళి ప్రసంగం వింటున్నాడు. లావు తీగ కట్టిన ఫ్యూజు పోలేదు. కాలువలోంచి వార్నిష్ మాడిన వాసన మొదలైంది.

యంత్రాల హోరులో నా కేక ఆ చివరి మనిషిదాకా పోదు, అందుకని తలుపు దగ్గరికి వెళ్ళి మేనేజరుకు రెండు చేతులూ ఊపాను. ఆయన వేదిక మీద నుంచి చూసి, ఆనందం పట్టలేక చేతులు ఊపుతున్నాననుకుని, చిరునవ్వుతో తల ఊపాడు. "కంకణం తెంచు" అని ఫోర్‌మన్‌తో అన్నాను. అతను రెండడుగులు వెనక్కి వేసి, "సామి కట్టింది తెంచితే కన్ను పోతాది సార్, నేను పిల్లలు గలోణ్ణి" అన్నాడు. ముడి విప్పబోతే తడి ఆరి బిగుసుకుపోయి గోరు దిగలేదు. కోసేద్దామంటే గదిలో కత్తి లేదు, ప్లేయరు లేదు, బ్లేడు ముక్క కూడా లేదు. పనిముట్లన్నీ పాత షెడ్డులో గంధం పూసుకుని విశ్రాంతి తీసుకుంటున్నాయి. చాపల మీద ఒకావిడ లేచి నిలబడి కింద తడిమి చూసుకుంటోంది. ఆ అమ్మాయి చాప అంచు ఎత్తి చూస్తోంది.

అప్పుడు నాకు సంతకం గుర్తురాలేదని చెబితే అబద్ధం. గుర్తొచ్చింది, దానితోపాటే మేనేజరు మీద, మామ మీద, ఆ పసుపు కొమ్ము మీద చెప్పరానంత అసహ్యం పుట్టుకొచ్చింది. మోకాళ్ళ మీద కూలబడి, బ్రేకరుకు తల ఆనించి, కంకణాన్ని పళ్ళతో పట్టుకున్నాను. మా మిల్లు నూలు గురించి సంచుల మీద రాసింది నిజమే. పేట పేటగా కొరకాల్సి వచ్చింది. వెనక ఫోర్‌మన్ నేను సాష్టాంగపడుతున్నాననుకుని తనూ చేతులు జోడించాడు. ఆఖరి పేట తెగగానే కడ్డీ నా ముక్కు పక్కనుంచి పైకి తన్నుకుంది. దభీమన్న ఆ చప్పుడంత కమ్మనిది నేను మళ్ళీ వినలేదు.

కొత్త షెడ్డు ఒక్కటే చీకటైంది. పాత షెడ్డు దీపాలది వేరే లైను, అక్కడ అమ్మవారి ముందు బల్బు వెలుగుతూనే ఉంది. వీధి దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి, పేటలో ఎవరింట్లోనూ ఏమీ ఆగలేదు. స్విచ్ గేర్ చేయాల్సింది ఇంతే. చెడిన చోటు ఒక్కటి తెగిపోవాలి, మిగతా లోకం తన పని తాను చేసుకోవాలి. జనం తోసుకుంటూ బయటపడ్డారు, ఎవరికీ ఏమీ కాలేదు. పలకలు ఎత్తి చూస్తే కేబుల్ తొడుగు కరిగి కాలువ పొడుగునా పారింది. ఆడవాళ్ళు కూర్చున్నచోట చాప అడుగు నల్లగా మాడి ఉంది.

మేనేజరు ఆ చీకట్లోనే గొంతు సవరించుకున్నాడు. "చూశారా సార్, కంకణ మహిమ! మీ స్పీచ్ సగందాకా మోసి, ప్రమాదం రాగానే తనంతట తానే తెగిపోయింది" అని ముదలాళికి చెప్పాడు. ముదలాళి కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. తెగిన కంకణాన్ని అద్దం పెట్టెలో పెట్టి ఆఫీసులో వేలాడదీయమని అక్కడికక్కడే ఆజ్ఞ. అంతా చక్కగా సర్దుకునేదే. ఇంతలో ఎవరో లాంతరు పైకెత్తారు. నా పెదాలు, పళ్ళు, గడ్డం, చొక్కా కాలరు, అంతా పసుపు.

తర్వాత మేనేజరు గదిలో విచారణ. నేను బ్రేకర్ పడేశానని ఆయన అనలేదు. అది మహిమ ఖాతాలో ఎక్కిపోయింది కదా. కేబుల్ సంగతి ఎత్తలేదు, ఫ్యూజుల సంగతి ఎత్తలేదు. నా మీద మోపిన నేరం ఒక్కటే. దేవుడి పేర కట్టిన కంకణాన్ని ఎంగిలి చేశాను. పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మామ నేల చూపులు చూస్తున్నాడు.

"తనంతట తాను తెగిందన్నారు కదా సార్. అలాంటప్పుడు నేను కొరికిందేమిటి?" అన్నాను.

"ఆర్గ్యుమెంట్ వద్దు. నీలాంటివాణ్ణి పర్మనెంట్ చేస్తే ఈ మిల్లులో ఇంకేం మిగలదు" అన్నాడు. ఆ మాటతో ప్రొబేషన్ ముగిసింది. అద్దం పెట్టెలో నా ఎంగిలికి మాత్రం రోజూ అగరొత్తులు వెలిగించారని తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం, ఆశపడి కాదు, మామ దగ్గర అరువు తెచ్చుకున్న గొడుగు ఇచ్చేద్దామని పురసవాక్కం వెళ్ళాను. మామ నా ముఖం చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పాడు. "ఏం చేసేది చెప్పు. నాకు నీ మీద కోపం లేదు. మాంబళంలో ఒక పిల్లోడు ఉండాడు, ఆఫీసు ఉద్యోగం, పర్మనెంటు. రేపు బుధవారం చూసేదానికి వస్తా ఉండారు."

లోపలి గడప మీదికి ఆ అమ్మాయి వచ్చింది. గొంతు పెంచలేదు. "నాయనా, ఆ పొద్దు షెడ్డులో పర్మనెంటు వాళ్ళంతా ఉండారు కదా. నా కింద పలక కాలతా ఉంటే అందరూ చప్పట్లు కొట్టినారు. నువ్వూ కొట్టినావు. వచ్చేవాళ్ళను రావద్దని చెప్పు. నేను ముందరికి రాను."

మామ కళ్ళద్దాలు తీశాడు, తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "కాఫీ ఇయ్యమ్మా వాడికి" అన్నాడు. నేను ఆ రోజు తాగిన కాఫీలో చక్కెర వేయడం ఆమె మరిచిపోయింది, నేనూ అడగలేదు.

కొన్నాళ్ళకు నాకు ఊరి అవతల ఒక సబ్ స్టేషన్‌లో ఉద్యోగం దొరికింది. అక్కడ బ్రేకర్ల మీద ఎవరూ తువ్వాళ్ళు ఆరేయరు. అదే నాకు గొప్పగా అనిపించింది. పెళ్ళికి మామ తెచ్చింది ఆ పాత పురోహితుణ్ణే. ఆయన పసుపు తాడు నా చేతికిస్తూ నా పళ్ళవైపు అనుమానంగా చూశాడు. భజంత్రీలు హోరెత్తాయి. నేను వంగి ఆమె మెడ వెనక్కి చేతులు పోనిచ్చాను.

"కట్టేది వచ్చునా, కొరికేది ఒక్కటేనా?" అంది ఆమె, పెదాలు కదలకుండా. నాకు నవ్వొచ్చి మొదటి ముడి జారింది, మళ్ళీ వేశాను.

రెండో ముడి వేస్తుండగా మళ్ళీ అంది. ఈసారి గొంతులో నవ్వు లేదు. "ఏదో ఒక దినం నేను గూడా వద్దంటాను. అప్పుడు మాత్రం నన్ను కట్టబాకండి."

నేను సరేనన్నాను. తర్వాత మూడో ముడి వేశాను.